అమ్మ మాటకు బదులు

బే ఏరియాలో మాకంటే ఎంతో ముందు బతుకుతెరువుకని వచ్చిన తల్లుల్లో రొజాలియా డిమాజియో ఒకరు. సిసిలీ నుంచి భర్త జుసెప్పే వెనుక కాలిఫోర్నియా చేరారు. ఆయన చేపలు పట్టేవారు. ఆవిడ తొమ్మిది మంది పిల్లల్ని పెంచారు. వారిలో ముగ్గురు మేజర్ లీగ్ బేస్‌బాల్ ఆడారు. 1941లో వరుసగా 56 ఆటల్లో హిట్ కొట్టిన జో పేరు దేశమంతా మారుమోగింది.

ఆ డిసెంబరులోనే అమెరికా యుద్ధంలో దిగింది. పౌరసత్వం లేని సుమారు 6 లక్షల మంది ఇటాలియన్లు ‘శత్రుదేశస్థులు’ అయిపోయారు. రొజాలియా దంపతులూ అందులో ఉన్నారు. వేలిముద్రల గుర్తింపు పుస్తకం వెంట ఉంచుకోవాలి. అనుమతి లేకుండా ఇంటి నుంచి 5 మైళ్ళు దాటకూడదు. శాన్ ఫ్రాన్సిస్కోలో జుసెప్పే రోజూ వెళ్ళే రేవులోకే ఆయనకు ప్రవేశం లేకపోయింది. శత్రువుల భాష మాట్లాడవద్దంటూ పోస్టర్లు వెలిశాయి. 1942 అక్టోబరులో ఇటాలియన్ల మీద ఆ ముద్ర తీసేశారు. కానీ ఎన్నో ఇళ్ళలో అమ్మ భాష మళ్ళీ పిల్లల నోట పలకలేదు. రొజాలియా 1944లో పౌరసత్వం తీసుకునేనాటికి జో అమెరికా సైన్యంలో ఉన్నారు.

మా తెలుగును ఎవరూ వద్దనలేదు. అయినా అమ్మ తెలుగులో అడిగితే బిడ్డ ఇంగ్లీషులో బదులిస్తాడు. ఊరి నుంచి వచ్చిన అమ్మమ్మ ఇద్దరి మొహాలూ చూస్తూ కూర్చుంటుంది. భయపడి భాష వదులుకున్నవారిని ఏమీ అనలేం. ఏ భయమూ లేకుండా వదులుకుంటే ఎవరిననాలి? అందుకే వారాంతంలో నిద్రమత్తు వదిలించి మరీ పిల్లల్ని బడికి తీసుకొస్తున్నాం.