చెక్క మీది అక్షరాలు

మా ఊరి తేరు ఏడాది పొడుగునా తేరుగా ఉండదు. చక్రాలూ, వాటిమీది పీఠమూ గుడి పక్కన రేకుల కొట్టంలో ఉంటాయి. పై అంతస్తుల స్తంభాలూ, పట్టీలూ, చట్రాలూ విడివిడిగా కట్టలు కట్టి మండపంలో పెడతారు. కొట్టం వాకిలి ఎత్తు 12 అడుగులు. నిలబెట్టిన తేరు 30 అడుగుల పైమాట. అందుకని పండుగకు వారం ముందు పీఠాన్ని వీధిలోకి లాగి, పైభాగమంతా అక్కడే కూర్చాలి. హోసూరు చుట్టుపక్కల తెలుగువాళ్ళకు ఇది కొత్త సంగతి కాదు.

ఈమధ్య అంతరిక్షంలో పెద్ద టెలిస్కోపుల గురించి చదువుతుంటే ఆ వాకిలే గుర్తుకొచ్చింది. అక్కడా చిక్కు వాకిలిదే. అద్దం ఎంత పెద్దదైతే అంత మసక వెలుగు దొరుకుతుంది, అంత సన్నని వివరం కనబడుతుంది. కాని అద్దం రాకెట్టు ముక్కు కింది గూటిలో పట్టాలి. 2021 డిసెంబరు 25న బయలుదేరిన జేమ్స్ వెబ్ టెలిస్కోపు అద్దం వెడల్పు 6.5 మీటర్లు, దాన్ని మోసిన ఏరియన్-5 గూడు వెడల్పు సుమారు 5.4 మీటర్లు. అందుకని బంగారు పూత పూసిన 18 పలకలుగా అద్దాన్ని చేసి, మడిచి పంపారు. అక్కడికి వెళ్ళాక అది తనంతట తాను విచ్చుకోవాలి. ఏ ఒక్కటి మొరాయించినా మొత్తం పాడయ్యే చోట్లు అందులో 344 ఉన్నాయని లెక్కగట్టారు. అదృష్టం, ఒక్కటీ మొరాయించలేదు. అయితే 20 మీటర్ల అద్దం కావాలంటే ఇలా మడిచి పంపడం కష్టం. ముక్కలుగా మోసుకుపోయి అక్కడే కూర్చాలి, మా తేరులాగే.

ఎవరు కూర్చాలి? 1985లో ఇద్దరు అమెరికన్ వ్యోమగాములు షటిల్ బయట నిలబడి, కడ్డీలు చేత్తో బిగించి 45 అడుగుల గోపురం కట్టి చూపించారు. కాని మనిషిని అక్కడికి పంపడం ఖర్చుతోనూ ప్రాణాపాయంతోనూ కూడిన పని. జేమ్స్ వెబ్ ఉన్న చోటు భూమికి 15 లక్షల కిలోమీటర్ల దూరం, అంతవరకు ఏ మనిషీ పోలేదు. కాబట్టి యంత్రపు చేతులు కావాలి. నాసావారి లాంగ్లీ కేంద్రంలో 1990ల తొలి ఏళ్ళలోనే ఒక యంత్రపు చేయి 102 కడ్డీలు కలిపి 8 మీటర్ల చట్రం కట్టింది. అదంతా నేలమీద. తర్వాత అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం కూర్పులో కెనడావారి 17 మీటర్ల పొడుగు చేయి పెద్ద పనే చేసింది. మన శ్రీహరికోట నుంచి 2024 డిసెంబరు 30న వెళ్ళిన రెండు ఉపగ్రహాలు 2025 జనవరి 16న ఒకదానితో ఒకటి కలిశాయి. అదే రాకెట్టు చివరి అంచె మీద, గొంగళిపురుగులా అటూ ఇటూ పట్టు మార్చుకుంటూ నడవగల ఏడు కీళ్ళ చేయి ఒకటి పనిచేసి చూపింది.

మా నాయన నలభై ఏళ్ళు తేరు కూర్చాడు. స్తంభం చివర కాస్త సన్నగా చెక్కేవాడు. మొదట వదులుగా దిగి, దిగేకొద్దీ బిగుసుకొనేది. "కన్ను తప్పినా కొయ్యకు దారి తెలియాలి" అనేవాడు. యంత్రాల కోసం చేసే అతుకులూ ఇంతే. చేయి కొద్దిగా పక్కకు పోయినా, గరాటు నోటిలోకి జారినట్టు జారి చోటుకు చేరేలా చేస్తారు. ముక్కల మీద గుర్తులు పెడతారు. కెమెరా కన్ను ఆ గుర్తు చూసి, ఇది ఏ ముక్క, ఎటు తిరిగి ఉంది అని తెలుసుకుంటుంది.

నాయన గుర్తులు తెలుగు అక్షరాలు. ఈశాన్యం మూల క, ఆగ్నేయం చ, నైరుతి ట, వాయవ్యం త. మొదటి అంతస్తుకు క, రెండోదానికి కా, మూడోదానికి కి, నాలుగోదానికి కీ. బడికి మూడేళ్ళే పోయిన మనిషి. గుణింతాన్ని ఇంత బాగా వాడుకున్నవాణ్ణి, పంతులుగా ముప్ఫై ఏళ్ళు పనిచేసి కూడా, నేను చూడలేదు.

నాయన పోయిన మరుసటేడు మా తమ్ముడి కొడుకు కూర్పు పని ఎత్తుకున్నాడు. ఇంట్లో మాట్లాడేది తెలుగే, బడిలో చదివింది తమిళం. మా వీధి పిల్లల్లో చాలామంది అంతే. వాడి కంటికి కి, కీ ఒకటే బొమ్మ. గుడికీ గుడిదీర్ఘానికీ తేడా వాడికెవరు చెప్పారు? ఒక మూల మూడో అంతస్తు స్తంభం నాలుగో అంతస్తులోకి ఎక్కింది. తేడా రెండు వేళ్ళే. తెల్లవారి చూస్తే కలశం వీధి వైపు ఒరిగి ఉంది. మళ్ళీ విప్పి కూర్చేసరికి తేరు కదలవలసిన ముహూర్తం దాటిపోయింది. ఊరు మమ్మల్ని ఏమీ అనలేదు. అననందుకే ఎక్కువ సిగ్గేసింది.

1990లో పైకి పోయిన హబుల్ టెలిస్కోపు అద్దానికీ ఇలాంటి గతే పట్టింది. సానబట్టేటప్పుడు కొలిచే పరికరంలో ఒక కటకం 1.3 మిల్లీమీటర్లు తప్పు చోట కూర్చుంది. ఆ చిన్న తేడాకు బొమ్మలన్నీ మసకబారాయి. 1993 డిసెంబరులో మనుషులు పోయి సరిచేశారు. అది దగ్గరలో ఉంది కాబట్టి సరిపోయింది.

పోయిన పండుగకు ముందు తమ్ముడి కొడుకు ఉలి పట్టుకొని వచ్చాడు. "పెదనాయనా, తాత అక్షరాల పక్కన అంకెలు కొట్టేదా? నా తర్వాత వచ్చేవాడికీ తెలియాలి కదా" అన్నాడు. నాకు గుండె పట్టేసినట్టయింది. వద్దనాలని నోటిదాకా వచ్చింది. కాని వాడు అడిగింది న్యాయం. యంత్రమైనా మనిషైనా, గుర్తు చదవలేని చేతికి ముక్క ఇచ్చి లాభం లేదు. నాయన అక్షరాలు చెక్కింది అందం కోసం కాదు, తేరు నిలబడటం కోసం.

"అక్షరం చెరపకుండా కింద కొట్టు" అన్నాను. నేను ఒక్కొక్కటే చదివాను, వాడు అంకె కొట్టాడు. సాయంకాలానికి సగం స్తంభాలు అయ్యాయి. తర్వాత నేను చదవకముందే, "ఇది గుడి, ఇది గుడిదీర్ఘం" అని వాడే చెప్పసాగాడు. చదవడం వచ్చేసిందని అనను. ఆ రెండూ మాత్రం ఇక కలపడు.