గార్లదిన్నె వాకిలి, సముద్రము మీద వాకిలి

గుంతకల్లు నుండి అనంతపురము మీదుగా బెంగుళూరు వెళ్ళే రైలులో మీరెప్పుడైనా ప్రయాణము చేసి ఉంటే మా గార్లదిన్నె స్టేషనును చూసే ఉంటారు. హైదరాబాదు–బెంగుళూరు జాతీయ రహదారి మీద పోయేవారికి కూడా గుత్తి దాటిన తరువాత, అనంతపురము చేరకముందే మా ఊరు తగులుతుంది. ఇక్కడ దిగి చూడదగినది ఏమున్నదని అడిగితే మేము ముందుగా పెనకచెర్ల డ్యాము పేరు చెబుతాము. పెన్నా నది మీద కట్టిన మధ్య పెన్నార్ జలాశయము అదే. తుంగభద్ర ఎగువ కాలువ నీళ్ళు వచ్చి అందులో చేరతాయి. డ్యాము నిండిన ఏడు గట్టు మీద నిలబడి చూస్తే ఇది కరవు సీమ అంటే నమ్మబుద్ధి కాదు. కాని కాలువ అందని వైపు కొంత దూరము నడిస్తే ఎర్రనేల, రాళ్ళ గుట్టలు, వాన కోసము ఎదురు చూసే వేరుశనగ చేలు కనబడతాయి. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన పడే జిల్లా మాది. అది కూడా పడవలసిన వేళకు పడితేనే పంట.

మా వైపు తలుపును 'వాకిలి' అంటాము. వానలు తప్పిన ఏడు పల్లెల్లో తిరిగితే వీధికి కొన్ని వాకిళ్ళు బీగము వేసి ఉంటాయి. ఆ ఇంటివాళ్ళు బెంగుళూరుకు పనులకు పోయి ఉంటారు. పండుగకు తిరిగి వచ్చినప్పుడు వారు మొదట చేసే పని వాకిలి కడగడము, గడపకు పసుపు పూయడము, మామిడాకుల తోరణము కట్టడము. మన క్రైస్తవ ఇండ్లలోనైతే డిసెంబరు రాగానే నక్షత్రము వ్రేలాడదీస్తాము, రంగు కాగితాల గొలుసులు కడతాము. ఎవరు ఏది కట్టినా దాని అర్థము ఒకటే: మేము ఇంట్లోనే ఉన్నాము, లోపలికి రండి.

మేము సేవకు వచ్చిన క్రొత్తలో ఈ ఊరిలో ఒక పెద్దాయన ఇంట అద్దెకు ఉండేవాళ్ళము. ఆ ఇంటి వాకిలి వేపచెక్కది. రెండు రెక్కలు, ఇత్తడి గొళ్ళెము, ద్వారబంధము మీద చెక్కిన పూలతీగ. ఆయన నాయన వడ్లవానిని ఇంట్లో పెట్టుకుని, అన్నము పెట్టి చేయించిన వాకిలి అది. 2009 క్రిస్మస్‌కు మేము ఆ ద్వారబంధానికి నాలుగంగుళాల మేకు కొట్టి పెద్ద నక్షత్రము కట్టాము. ఎండి ఉన్న చెక్క గనుక మేకు దిగినచోట నిలువునా పగిలింది. పగులు పూలతీగ మధ్యగా జానెడు పొడవున పోయింది. పెద్దాయన వచ్చి చూశారు. వేలితో ఆ పగులును తడిమారు. మేము, "చిన్న పగులే కదండీ, బాగు చేయిస్తాము" అన్నాము. ఆయన ఏమీ అనలేదు. మేము బాగు చేయించనూ లేదు. మరుసటి ఏడు సంఘము వారు కట్టించిన ఇంటికి మారిపోయాము. అటు తరువాత ఆ వీధిలో పోవలసి వస్తే ఎందుకో ప్రక్క సందులోనుండి పోవడము మాకు అలవాటైంది.

ఆ సంగతి పదమూడేండ్ల తరువాత సముద్రము మీద మాకు జ్ఞాపకము వచ్చింది.

2022లో మా అమ్మానాయనల పెండ్లి జరిగి యాభై ఏండ్లు నిండాయి. ఆ ఏడు జూన్‌లోనే చెన్నై రేవు నుండి విహార నౌక ప్రయాణములు మొదలయ్యాయి. ఆ నౌక అదే నెలలో విశాఖపట్నము కూడా వచ్చి తెలుగువారిని ఎక్కించుకున్నది. చెన్నైలో ఉద్యోగము చేసే మా తమ్ముడు ఆ వార్త చదివి, "అమ్మ సముద్రము చూడలేదు కదా" అని ఒకటే పట్టు పట్టాడు. రెండు రాత్రులు సముద్రము మీద గడిపి తిరిగి చెన్నైకే చేరే ప్రయాణానికి అందరికీ టికెట్లు కొన్నాడు. మేము గుత్తిలో రైలెక్కి, తాడిపత్రి, కడప, రేణిగుంట మీదుగా చెన్నై చేరాము. చద్దిమూటలో జొన్నరొట్టెలు, శనగవిత్తనాల పొడి పెట్టుకున్నాము. ఓడలో అన్నము దొరుకుతుందని ఎంత చెప్పినా అమ్మ వినలేదు.

ఓడ అంటే మేము పెద్ద పడవను ఊహించుకున్నాము. తీరా చూస్తే అది పది అంతస్తులకు మించిన మేడ. మా గదులు ఉన్న అంతస్తులో నడవ ఈ చివర నుండి చూస్తే ఆ చివర కనబడదు. రెండు ప్రక్కలా వాకిళ్ళే. ఒకే రంగు, ఒకే ఎత్తు, ఒకే పిడి. తేడా అంతా నంబరులోనే ఉన్నది. మా అమ్మకు చదువు రాదు. మొదటి సాయంకాలము మనవరాలి గదికి పోయి వస్తానని లేచిన మనిషి అరగంట దాటినా రాలేదు. మేము వెదుకుతూ పోగా నడవ మధ్యలో ఎవరిదో వాకిలి ముందు గోడ పట్టుకుని నిలబడి ఉన్నది. కండ్లలో నీళ్ళు. "అన్నీ ఒకే మాదిరి ఉండాయి నాయనా. మన వాకిలికి ఏదన్నా గుర్తు కట్టండి" అన్నది.

మా తమ్ముడు యాభై ఏండ్ల పండుగ కోసము తగరపు అక్షరాలు, కాగితపు పూలు, చిన్న బల్బుల దండ, రెండు వైపులా అంటుకునే టేపు తెచ్చి ఉన్నాడు. అవన్నీ తీసి వాకిలి మీద అతికించబోతుండగా మా గది చూసుకునే అబ్బాయి దుప్పట్ల బండి తోసుకుంటూ వచ్చాడు. వాడు తమిళ పిల్లవాడు. బండి ఆపి, వచ్చీరాని తెలుగులో, "సార్, టేపు వద్దు సార్" అన్నాడు. తమ్ముడికి కోపము వచ్చింది. డబ్బు కట్టాము, మా గది మా ఇష్టము అన్నాడు. ఆ అబ్బాయి విసుక్కోలేదు. తన గోటితో వాకిలి మీద టక్కున కొట్టి చూపించాడు. చెక్క కాదు, ఇనుప రేకు! పైన చెక్కలా కనబడే రంగు. టేపు పీకితే రంగు పొరలుగా లేస్తుందట. వాకిలి పైనుండి కొక్కెము తగిలిస్తే మూసినప్పుడల్లా అంచు నలుగుతుంది, సందు పడుతుంది. ఆ సందు పడకూడదు. ఎందుకంటే ఓడ గది వాకిలి అందానికి పెట్టినది కాదు. నిప్పు ఒక గదిలో పుడితే ప్రక్క గదికి పోకుండా ఆపడానికి పెట్టినది.

ఇంటికి వచ్చిన తరువాత మేము ఈ విషయము చదివి తెలుసుకున్నాము. 1912లో టైటానిక్ మునిగిన తరువాత, 1914లో ఓడలలో ప్రాణరక్షణ కోసము కొన్ని దేశాలు కలిసి ఒక ఒప్పందము వ్రాసుకున్నాయి. ఇప్పుడు అమలులో ఉన్నది 1974 నాటిది. గోడలు, వాకిళ్ళు నిప్పును ఎంతసేపు ఆపాలో కూడా అందులో ఉన్నది. 1990 ఏప్రిల్‌లో నార్వే నుండి డెన్మార్కు పోతున్న 'స్కాండినేవియన్ స్టార్' ఓడలో నిప్పు పుట్టింది. నడవ గోడలకు అందము కోసము అతికించిన ప్లాస్టిక్ పొర మండి విషపు పొగ క్రమ్మింది. 159 మంది చనిపోయారు. 2006 మార్చిలో జమైకా వైపు పోతున్న 'స్టార్ ప్రిన్సెస్' ఓడలో ఎవరో పారవేసిన సిగరెట్టు వలననే నిప్పు అంటుకొని ఉంటుందని తేల్చారు. బాల్కనీల మధ్య ప్లాస్టిక్ అడ్డలు మండి, పొగ వలన ఒక ప్రయాణికుడు చనిపోయాడు. నాలుగు కాగితపు పూలకు ఇంత చర్చ ఎందుకని ఆ రాత్రి మేము కూడా లోలోపల అనుకున్నాము. ఇవి చదివిన తరువాత ఆ అబ్బాయి మాట విలువ తెలిసింది.

అతడు వద్దని చెప్పి ఊరుకోలేదు. జేబులోనుండి నాలుగు చిన్న అయస్కాంతాలు తీసి తమ్ముడి చేతిలో పెట్టాడు. ఫ్రిజ్ మీద అంటించే బిళ్ళలే. ఇనుప వాకిలి గనుక టక్కున పట్టుకున్నాయి. మా నాయన ముఖము వెలిగిపోయింది. చిన్నప్పుడు పాడైన రేడియో స్పీకరులోని అయస్కాంతము ఊడదీసి ఇసుకలో ఇనుప రజను ఏరుకున్న రోజులు ఆయనకు గుర్తుకు వచ్చాయి. బల్బుల దండ, తగరపు అక్షరాలు పెట్టెలోకి పోయాయి. మా అమ్మాయి ఒక అట్ట మీద వేరుశనగ చెట్టు గీసింది. పైన నాలుగేసి ఆకులు, పసుపు పూలు, క్రింద మట్టిలో కాయల గుత్తి. ఆ ఒక్క అట్ట పెట్టుకోవచ్చునని ఆ అబ్బాయి ఒప్పుకున్నాడు. నంబరుకు, చూసే కంతకు అడ్డము రాకుండా దానిని పెట్టాము. అమ్మ చూసి, "ఇది మన వాకిలి" అన్నది. ఆ తరువాత రెండు రోజులూ ఆమె దారి తప్పలేదు. ప్రక్క గదులవాళ్ళు కూడా ఆగి, ఇదేమి చెట్టని అడిగారు. కాయ నేలలోపల కాస్తుందంటే ఒక చిన్నబిడ్డ నమ్మనే లేదు!

ఓడ ప్రయాణము చేయబోయే కుటుంబాలకు మేము నేర్చుకున్నది చెబుతాము. ఒక్కొక్క కంపెనీ నియమము ఒక్కొక్క తీరుగా ఉంటుంది గనుక టికెట్టుతో వచ్చిన కాగితము ముందుగా చదవండి. ఏదైనా పెట్టే ముందు గది చూసుకునేవారిని ఒక మాట అడగండి. చిన్న అయస్కాంతము ఒకటి వెంట తీసుకొని పోయి, వాకిలికి పట్టుకుంటుందో లేదో చూడండి. అన్ని వాకిళ్ళూ ఇనుముతో చేసినవి కావు. బిళ్ళ వెనుక గరుకుగా ఉంటే పలుచని గుడ్డ అతికించండి, రంగు గీసుకోదు. తీసేటప్పుడు జరపకండి, ఎత్తి తీయండి. గది తెరిచే కార్డును అయస్కాంతానికి దూరముగా ఉంచండి, కొన్ని కార్డులు చెడిపోతాయి. వాకిలి లోపలి వైపున ప్రమాద సమయములో పోవలసిన దారి పటము ఉంటే దానిని కప్పకండి. పైకప్పులో నీళ్ళు చిమ్మే గొట్టానికి దండలు కట్టకండి. నడవలోకి పొడుచుకొని వచ్చేటట్టు ఏదీ వ్రేలాడదీయకండి, పొగలో పరుగెత్తే మనిషికి అది అడ్డము.

అద్దె ఇంట్లో ఉండే మనవారికి కూడా ఇదే పద్ధతి. ఇనుప వాకిలైతే అయస్కాంతము చాలు. చెక్క వాకిలైతే మేకు ముట్టవద్దు. ఉన్న గొళ్ళేనికో, కిటికీ కమ్ములకో దారము కట్టి తోరణము వేయవచ్చు. టేపు జిగురు ఇదివరకే అంటుకొని ఉంటే చాకుతో గీకకండి. గుడ్డకు కొంచెము నూనె రాసి కాసేపు అద్ది ఉంచితే మెత్తబడి వస్తుంది. తరువాత సబ్బునీళ్ళ గుడ్డతో తుడిస్తే సరి.

చివరి ఉదయము చెన్నై రేవు కనబడుతుండగా అట్ట తీశాము. ఆ అబ్బాయి బిళ్ళలు తిరిగి తీసుకొని, వాకిలి మీద అరచేయి ఆనించి పైనుండి క్రిందికి తడిమాడు. ఒక్క గీత లేదు. మా నాయన, "ఎట్లుండెనో అట్లే ఉండాది. ఇంగ నిమ్మళంగా దిగొచ్చు" అన్నాడు. ఆ అబ్బాయి చేయి చూసిన మాకు ఇంకొక చేయి కనబడింది. పగిలిన పూలతీగను వేలితో తడిమిన చేయి. రైలులో తిరిగి వచ్చేటప్పుడు రాత్రంతా నిద్ర పట్టలేదు. కానుక తెచ్చేవాడు ముందు సహోదరునితో సమాధానపడాలని మేము ఎన్నిసార్లు ప్రసంగించలేదు!

ఊరు చేరిన మూడవ రోజు సాయంకాలము ఆ వీధికి పోయాము. పెద్దాయన అరుగు మీద కూర్చొని ఉన్నారు. చూపు తగ్గింది, గొంతును బట్టి మమ్మును గుర్తుపట్టారు. వచ్చిన పని చెప్పాము. తప్పు మాదని ఒప్పుకున్నాము. వడ్లవానిని పిలిపిస్తామన్నాము. ఆయన కాసేపు పలకలేదు. తరువాత అన్నారు: "పాస్టరయ్యా, మేకుకు నాకు బాధ లేదు. పండగపూట ఎవురైనా కొడతారు. చిన్న పగులే అంటిరే, ఆ మాటకు బాధైంది. మా నాయన చేయించిన వాకిలి కదా."

మాకు నోట మాట రాలేదు. ఆయనే మళ్ళీ, "ఆడ చూడండి" అని వాకిలి ప్రక్కకు చేయి చూపారు. ద్వారబంధానికి జానెడు దూరములో, రాతిగోడలో రెండు ఇనుప కొక్కేలు సిమెంటుతో బిగించి ఉన్నాయి. తుప్పు చూస్తే ఎప్పటివో అని తెలుస్తున్నది. "మీరు పోయినాక కొట్టించినా. బాడుగకు వచ్చినోళ్ళు ఎవురైనా సరే, తోరణమో, నక్షత్రమో కట్టుకుంటారు కదా. వద్దనేదానికి నోరు రాదు. అందుకని" అన్నారు.

పగులు ఇప్పటికీ అక్కడే ఉన్నది. వడ్లవాడు వచ్చి చూసి, ముట్టుకుంటే ఇంకా పోతుందని మైనము నింపి వదిలేశాడు. ఆ డిసెంబరులో ఆ ఇంట అద్దెకు ఉన్న కుటుంబాన్ని, పెద్దాయనను అడిగి, ఒక చిన్న నక్షత్రము తీసుకొని పోయాము. దారముతో ఆ కొక్కేనికి కట్టాము. పెద్దాయన అరుగు మీదినుండి, "గట్టిగా కట్టండి, గాలికి పడిపోతాది" అని కేక వేశారు.