తీగ తీసిన ఐదు నిమిషాలు

పదమూడేళ్ళ కుర్రాడి పై పెదవిని ఎడమచేతి బొటనవేలితో పైకెత్తి పట్టుకుందావిడ. కుడిచేతిలో దూది, దూదికి ముదురు గులాబీ రంగు మందు. కుడి కోరపన్ను దగ్గర మొదలుపెట్టి ఎడమ కోరపన్ను దాకా అద్దుకుంటూ వచ్చింది. గ్లాసుతో నీళ్ళిచ్చి, "ఒక్కసారి పుక్కిలించి ఉమ్ము నాన్నా" అంది. వాడు ఉమ్మాక చేతి అద్దం ముఖానికి ఎదురుగా పట్టింది.

పళ్ళ అంచులు తెల్లగానే ఉన్నాయి. ఒక్కో క్లిప్పు చుట్టూ మాత్రం, క్లిప్పుకీ చిగురుకీ మధ్యనున్న సన్నటి జాగాలో మరీ ఎక్కువగా, రంగు కదలకుండా నిలిచిపోయింది.

"పొద్దున తోముకున్నావా?"

"తోముకున్నానాంటీ. రాత్రి కూడా."

"తెలుస్తూనే ఉంది. అంచులు చూడు, ఎంత బాగున్నాయో. బ్రష్ క్లిప్పు మీంచి జారిపోయింది, పక్కకి దిగలేదు. రంగు పట్టిందంతా పాచి. ఇప్పుడు నీకు కనపడుతోంది కాబట్టి నువ్వే తియ్యి."

వాడి చేతికి బ్రష్ ఇచ్చి, ఆ చేతి మీద తన చెయ్యి వేసింది. బ్రష్‌ని ఏటవాలుగా వంచి, చిగురు వైపు నుంచి క్లిప్పు మీదికి ఒకసారి. మణికట్టు తిప్పి, కింది అంచు వైపు నుంచి పైకి ఒకసారి. ఆఖర్న ఎదురుగా చిన్నచిన్న సున్నాలు చుట్టినట్టు. ఒక్కో పంటి దగ్గరా ఆగుతోంది. నాలుగో పంటికి తన చెయ్యి తీసేసింది. వాడి చెయ్యి అదే తీరులో సాగిపోయింది. ముప్ఫయ్యేళ్ళుగా ఆవిడ చేస్తున్న పని ఇదేనట. ఇక్కడ పనిచేసేవాళ్ళు సిస్టర్ అనే పిలుస్తారు. డెంటల్ హైజీనిస్టు అన్న హోదా కాగితాల మీద ఉండే మాట.

నేను ఈ డెంటల్ కాలేజీకి వచ్చింది కోపంతో. మా అక్క కూతురికి రెండేళ్ళపాటు ఒక పట్నంలో క్లిప్పులు వేయించారు. పన్ను మీద పన్ను వచ్చి నవ్వడానికే సిగ్గుపడే పిల్ల. క్లిప్పులు తీసిన రోజు ఇంట్లో పండగే. పళ్ళు పేర్చినట్టు కుదిరాయి. మూడోనాడు పొద్దున, కిటికీ వెలుతురులో అద్దం పట్టుకుని ఏడుస్తూ కూర్చుంది. పై నాలుగు పళ్ళ మీదా, క్లిప్పు అంటించిన చోటు చుట్టూ, సున్నంతో గీసినట్టు తెల్లటి మచ్చలు. కడిగితే పోవు, రుద్దితే పోవు. "ఈ రెండేళ్ళలో ఎలా తోముకోవాలో ఎవరైనా చూపించారా?" అనడిగాను. "బాగా తోముకోమన్నారు మామయ్యా" అంది.

నెలనెలా డబ్బు కట్టించుకుని, ఇరవైసార్లకు పైగా ఆ పిల్ల నోరు తెరిపించి చూసినవాళ్ళు చెప్పింది ఆ రెండు మాటలే. ఇక్కడ పాఠాలు చెప్పే స్నేహితుడొకడు "ఒకరోజు వచ్చి చూడు" అంటే బయల్దేరాను. వాడు కొత్త ఎక్స్‌రే యంత్రం, దవడను కంప్యూటర్లోకి ఎక్కించే స్కానరు చూపిద్దామనుకున్నాడు. ఆర్థోడాంటిక్స్ విభాగంలో మూలనున్న ఈ సింకు దగ్గరే నేను ఆగిపోయాను.

ఆ తెల్ల మచ్చ మొదలయ్యేది పాచిలోనే. అందులోని సూక్ష్మజీవులు మనం తిన్న తీపినీ పిండినీ పులియబెట్టి ఆమ్లం చేస్తాయి. పంటి దగ్గర పిహెచ్ 5.5 కన్నా కిందికి జారితే ఎనామిల్‌లోని కాల్షియం, ఫాస్ఫేటు కరిగి బయటికి వచ్చేస్తాయి. లాలాజలం వాటిని తిరిగి సర్దుతుంది గానీ అందుకు అరగంటో, ఇంకా ఎక్కువో పడుతుంది. కూల్‌డ్రింకు సీసా పక్కన పెట్టుకుని మధ్యాహ్నమంతా గుక్కగుక్కగా తాగే పిల్లల్లో ఆ అరగంట ఎప్పటికీ రాదు. మామూలు పంటినైతే నాలుకా పెదవీ కొంత తుడుస్తూనే ఉంటాయి. క్లిప్పు పక్కనున్న సందులోకి అవి చేరవు. అక్కడ పాచి కదలకుండా ఉంటే నాలుగు వారాలు చాలు, ఎనామిల్ కరగడం మొదలవుతుంది. పైన పాచీ రబ్బరు రింగులూ కప్పి ఉండబట్టి మచ్చ ఇంట్లోవాళ్ళ కంట పడదు. క్లిప్పులు తీశాక కనపడుతుంది. ఆ తర్వాత కొంత తగ్గవచ్చు, చాలా మటుకు నిలిచే ఉంటుంది.

కుర్రాడి తర్వాత ఒక ఇంటర్ అమ్మాయి వచ్చింది. చిగుళ్ళు వాచి క్లిప్పుల మీదికి ఎక్కుతున్నాయి. "రక్తం వస్తోందని అక్కడ తోమడం మానేశాను మేడం" అంది. ఎంతమంది పిల్లలు ఇక్కడే దారి తప్పుతారో. రక్తం చూసి మానేస్తారు, మానేశాక పాచి పెరుగుతుంది, దాంతో వాపు ఇంకా పెరుగుతుంది. "రక్తం వచ్చే చోటే తోమాలమ్మా, మెత్తటి బ్రష్‌తో, నెమ్మదిగా. పాచి పోతే చిగురు తనంతట తనే దిగుతుంది" అని సిస్టర్ ఒక ప్లాస్టిక్ దవడ తీసింది. దానికి క్లిప్పులూ తీగా బిగించి ఉన్నాయి. సీసాలు కడిగే బ్రష్‌ని అగ్గిపుల్లంత చేస్తే ఎలా ఉంటుందో అలాంటి చిన్న బ్రష్‌తో తీగ కిందుగా, రెండు క్లిప్పుల మధ్య పైనుంచి దూర్చి, తర్వాత కిందినుంచి దూర్చి చూపించింది. ఈ బ్రష్ కోసం మా ఊళ్ళో రెండు మెడికల్ షాపుల్లో అడిగాను. అలాంటిదొకటి ఉంటుందనే వాళ్ళకి తెలియదు. పళ్ళను కదిలించే తీగ ఊరూరికీ చేరింది గానీ ఈ బ్రష్ ఇంకా చేరలేదు.

పదకొండు దాటాక కుర్చీల వైపు నుంచి ఆవిడ గొంతు గట్టిగా వినపడింది. ఒక పీజీ విద్యార్థితో అంటోంది: "బాబూ, పాత తీగ తీశాక కొత్తది పెట్టేలోగా నాకు ఐదు నిమిషాలివ్వమని ఎన్నిసార్లు చెప్పాను? నెల మొత్తంలో పళ్ళకి తీగ లేకుండా ఉండేది ఆ కాసేపే. నోరంతా చేతికి అందేది అప్పుడే. నువ్వేమో తీస్తూనే పెట్టేస్తున్నావు." బయట ఇంకా పన్నెండుమంది ఉన్నారని ఆ కుర్రాడి జవాబు. అతనిది అబద్ధమేమీ కాదు, వరండా బల్లలు నిండిపోయి ఉన్నాయి. కానీ న్యాయం ఆవిడ వైపే ఉంది.

1948 నాటి దంతవైద్యుల చట్టం హైజీనిస్టు అంటే ఎవరో చెప్పేటప్పుడు, పళ్ళ గార తీసి శుభ్రం చేయడంతోపాటు దంత పరిశుభ్రత నేర్పడాన్ని కూడా ఆ పనిలో చేర్చింది. స్వాతంత్ర్యం వచ్చిన మరుసటి ఏడాదే నేర్పడం ఒక వృత్తి అని చట్టం గుర్తిస్తే, మా అక్క కూతురు వెళ్ళిన చోట ఆ మనిషి లేనే లేదు. తీగకు ఖరీదు కడతారు, క్లిప్పుకు కడతారు, చెయ్యి పట్టుకుని నేర్పే పది నిమిషాలకు బిల్లులో వరస లేదు. వైద్యుడు పళ్ళను చూసేది నెలకొకసారి పావుగంట. మిగతా నెలంతా ఆ పళ్ళు పిల్లవాడి చేతుల్లోనే ఉంటాయి. ఆ చేతులకు పని నేర్పకుండా చికిత్స మొదలుపెట్టడం నా దృష్టిలో నిర్లక్ష్యమే.

మనవడిని తీసుకొచ్చిన ఒక పెద్దాయన పక్కనే నిలబడి అన్నీ వింటున్నాడు. "మా కాలంలో వేప పుల్లా, కానుగ పుల్లా తప్ప ఏముందమ్మా? నా పళ్ళు చూడు" అన్నాడు. నిజంగానే గట్టి పళ్ళు. సిస్టర్ ఆయన మాట కొట్టిపారేయలేదు. "పుల్ల వేస్తే క్లిప్పు ఊడొస్తుంది తాతా. కానీ పుల్ల నములుతూ అరుగు మీద ఎంతసేపు కూర్చునేవాడివి?" అంది. "పొద్దెక్కేదాకా" అన్నాడాయన. "ఆ తీరిక వీడికి నేర్పు. రాత్రి పడుకునే ముందు మరీ ముఖ్యం. నిద్రలో నోట్లో ఉమ్మి పెద్దగా ఊరదు, పాచి ఇష్టారాజ్యం."

ఆయన మాటతో నాకు మా ఇంటి పెరడు కళ్ళముందు నిలిచింది. భోజనం అయ్యాక చెంబెడు నీళ్ళతో బుగ్గలు ఉబ్బించి నాలుగైదుసార్లు గట్టిగా పుక్కిలించకుండా మా నాయనమ్మ ఎవరినీ లోపలికి రానిచ్చేది కాదు. ఇప్పుడు పెళ్ళిళ్ళలో చేతులు పేపరుకు తుడుచుకుని, ఐస్‌క్రీం కప్పుతో బయటికొచ్చేస్తున్నాం. బడిలో డబ్బా మూసేసి గంట కొట్టేలోగా గదిలోకి పరిగెత్తడమే. క్లిప్పులున్న పిల్లలకి తిన్న వెంటనే దొరికే మొదటి సాయం ఆ పుక్కిలింతే, ఇరుక్కున్న మెతుకుల్ని నీళ్ళ జోరే చాలావరకు లాగేస్తుంది. ఇంత తేలికైన అలవాటును చూస్తూ చూస్తూ పోగొట్టుకున్నాం.

తిండి సంగతి సిస్టర్ నోటితోనే వల్లిస్తుంది. సకినాలు, జంతికలు, చెరకు ముక్క, పల్లీ పట్టీ వద్దు. జామకాయ కొరకొద్దు, సన్నగా కోసి దవడ పళ్ళతో నమలాలి. మొక్కజొన్న గింజలు ఒలుచుకుని తినాలి.

మధ్యాహ్నం కనిగిరి వైపు నుంచి వచ్చిన ఒక తల్లి, కూతురికి ఫ్లోరైడు పేస్టు వాడమంటే ససేమిరా అంది. "మా నీళ్ళలో ఉన్నది చాలదా తల్లీ? మా ఆడపడుచు పళ్ళన్నీ గోధుమరంగు." ఆ భయాన్ని తేలిగ్గా తీసుకోకూడదు. అప్పటి నెల్లూరు జిల్లా పల్లెల్లో నీళ్ళలోని ఫ్లోరైడు ఎముకల్ని ఎలా వంచేస్తోందో షార్ట్ అనే పరిశోధకుడు, ఆయన సహచరులు 1937లోనే రాశారు. కనిగిరి, పొదిలి, దర్శి అప్పుడు ఆ జిల్లావే. సిస్టర్ ఆ తల్లిని స్టూలు మీద కూర్చోబెట్టింది. చిన్నప్పుడు, పన్ను ఇంకా దవడలోపల తయారవుతుండగా, నీళ్ళతో ఏళ్ళ తరబడి మింగిన ఫ్లోరైడు వల్ల వచ్చేది ఆ గోధుమరంగు. పద్నాలుగేళ్ళ పిల్ల ముందు పళ్ళు తయారై, పైకొచ్చి ఎన్నేళ్ళో అయింది. బ్రష్ మీద కొద్దిగా వేసుకుని ఉమ్మేసే పేస్టు పంటి పైభాగాన్నే గట్టిపరుస్తుంది. "మింగొద్దు. నురగ ఉమ్మెయ్, వెంటనే నీళ్ళతో కడిగేసుకోకు. మిగిలింది పంటికి అంటుకుని ఉండనీ." ఆ తల్లి రెండుసార్లు మళ్ళీ చెప్పించుకుంది. నాకూ ఇది కొత్త. తిన్నాక పుక్కిలించాలి, పేస్టు వేశాక పుక్కిలించకూడదు. ఇన్నాళ్ళూ రెండూ తలకిందులుగా చేస్తున్నాను.

వెళ్ళేముందు స్నేహితుడు ల్యాబులోకి లాక్కెళ్ళాడు. గోడపొడుగునా అరల్లో పోతపోసిన దవడల నమూనాలు, ఒక్కో పేషెంటువి రెండు జతలు, చికిత్సకు ముందూ తర్వాతా. వంకర పళ్ళు తిన్నగా అయిన వైనం చూస్తే ఎవరికైనా గర్వం కలుగుతుంది, నాకూ కలిగింది. వాటిలో ఒక జతను వెలుతురులోకి పట్టుకుని చాలాసేపు చూశాను. పంటి వరస, కొరుకు, మధ్యగీత అన్నీ ఉన్నాయి. నమూనా అంతా తెల్లటి పోత. మా పిల్ల పళ్ళకు ఇలాంటి పోత తీసి ఈ అరలో పెడితే అదీ గెలుపు కిందే ఉంటుంది. తెల్లటి పోతలో తెల్ల మచ్చ కనపడదు.

తిరిగి వచ్చేసరికి పొద్దున్నే చూసిన కుర్రాడు ఇంకా ఉన్నాడు. రెండోసారి రంగు వేయించుకుని నోరు తెరిచి నిలబడ్డాడు. పీజీ విద్యార్థి కొత్త తీగ చేత్తో పట్టుకుని సింకు దగ్గరికే వచ్చాడు. సిస్టర్ ఆ పిల్లవాడి గడ్డం పట్టుకుని అటూ ఇటూ తిప్పింది. ఎడమ కోరపన్ను పక్కన గోటి చివరంత గులాబీ రంగు మిగిలింది.

"ఆ ఒక్కటీ తోమనీ బాబూ" అంది.

వాడు అద్దంలో చూసుకుంటూ బ్రష్ వంచాడు. విద్యార్థి తీగ పట్టుకుని అలాగే నిలబడ్డాడు.