అక్కయ్య పాట, నాలుగు కిటికీలు

మా అమ్మకు తొలిచూలు మా పెద్దక్కయ్య, కడగొట్టు బిడ్డను నేను. ఇద్దరికీ నడుమ 16 ఏళ్ల వ్యత్యాసం. అందువల్ల అమ్మ పాటలన్నీ అక్కయ్యకు వచ్చు. నాకు వాటి సవ్వడి మాత్రమే జ్ఞాపకం. నలుగు పాటలు, తలుపు దగ్గర పాటలు, అలక పాటలు, అప్పగింతలు, మంగళహారతులు... ఊళ్లో ఎవరింట పెళ్లి జరిగినా అమ్మ పక్కన కూర్చొని గొంతు కలిపినది అక్కయ్య. ఆ వేళకు నేను బూరెల గంప ఏ గదిలో దాచారా అని వెదికే వయస్సులో ఉన్నాను. తరువాత 34 సంవత్సరాలు పిల్లలకు ఛందస్సు, అలంకారాలు బోధించాను గాని, మా ఇంటి పాట ఒక్కటీ నాకు మొదటినుండి చివరిదాకా రాదు.

అక్కయ్య ఇప్పుడు న్యూజెర్సీలో కూతురి దగ్గర ఉన్నది. 84వ ఏడు నడుస్తున్నది. రెండేళ్లుగా మరుపు ముదురుతున్నది. నిన్న ఇంటికి ఎవరు వచ్చారో గుర్తుండదు. అమ్మ పాట మాత్రం ఎత్తుకున్నదంటే నీరు పల్లానికి పారినట్లు సాగిపోతుంది. పెళ్లయిన కొత్తలో ఆవిడ రాసిపెట్టుకున్న రూళ్ల పుస్తకం ఒకటి ఉన్నది. చెమ్మకు సిరా అలుక్కుపోయి, సగం పుటలలో అక్షరాలను ఊహించి చదువుకోవలసిందే. మా మేనకోడలు ఆ పుటలన్నింటినీ ఒక్కొక్కటిగా ఫొటోలు తీసి పంపింది. "మామయ్యా, అమ్మ పాడగలిగినన్నాళ్లలోనే ఈ పని అయిపోవాలి" అన్నది. అంతకుమించి ఏమీ అనలేదు.

మేము చేసుకున్న ఏర్పాటు ఇది. వేసవిలో మనకు ఉదయం ఆరున్నర అయితే వాళ్లకు ముందురోజు రాత్రి తొమ్మిది. భోజనం చేసి, మందులు వేసుకొని, అక్కయ్య నాకు కంప్యూటరు తెరమీద ప్రత్యక్షమవుతుంది. పాడుతుంది. నేను ఆ పాత పుటను చూస్తూ, ఆవిడ పాడేది వింటూ, టైపు చేసుకుంటూ, అనుమానం కలిగిన మాటను నిఘంటువులో వెదికి, పాట వేడిమీద ఉండగానే ఆవిడను అడగాలి.

మొదటి వారంలోనే నా చేతకానితనం బయటపడింది. నాకు కంప్యూటరు కొత్త కాదు. లేఖినిలో అక్షరాలు దిద్దుకున్న తరంవాణ్ణే. అయినా ఒక కిటికీనుండి మరొక కిటికీకి పోవడమంటే నాకు తెలిసినది ఒక్కటే: మౌసు పట్టుకోవడం, తెర అడుగున ఉన్న పట్టీకి దిగడం, బొమ్మ మీద నొక్కడం, అది చూపించిన పిల్ల బొమ్మలలో కావలసినదాన్ని ఏరుకోవడం. ఈలోగా అక్కయ్య రెండు చరణాలు దాటిపోయేది. ఒకనాడు "ఆగు అక్కయ్యా, ఒక్క క్షణం" అన్నాను. ఆగింది. మాట వెదికి, తిరిగి వచ్చి, "ఊఁ, పాడు" అన్నాను. ఆవిడ నావంక చూసి "ఏం పాటరా?" అన్నది. పల్లవి అందించాను. రాలేదు. ఆ రాత్రికి ఆ పాట మరి రానేలేదు. తమ్ముడి ముందు చిన్నబోయినట్లు ఆవిడ కొంగు సవరించుకొన్న తీరు రెండు రోజులపాటు నా కళ్లముందునుండి పోలేదు.

రికార్డు చేసుకోవచ్చును గదా అని మీరనవచ్చు. పక్కన ఫోను పెట్టి చేస్తూనే ఉన్నాను. కాని రికార్డు ప్రశ్నకు సమాధానం చెప్పదు. "ఇక్కడ అమ్మ అన్నది ఈ మాటేనా?" అని అడిగితే, జవాబు ఆ పాట ఆవిడ నోట మెదులుతున్న రెండు మూడు నిమిషాలలోనే దొరుకుతుంది. దాటితే దొరకదు. కాబట్టి చరణానికీ చరణానికీ నడుమ ఆవిడ ఊపిరి తీసుకొనే వ్యవధిలో నేను నాలుగు చోట్లకు పోయి రాగలగాలి. దానికి మౌసు చాలదు, మీటలే శరణ్యం. వీటిని షార్టుకట్టులంటారు. అడ్డదారులు అని తెలిగించడానికి నాకు మనసొప్పలేదు. ఆ మాటకు మన భాషలో అంత మంచి పేరు లేదు. దగ్గరదారులు అందాం.

అందరికీ తెలిసిన దగ్గరదారి ఆల్టు మీటను అదిమిపట్టి ట్యాబ్ మీటను నొక్కడం. దీని మర్మమేమిటంటే, ఇది కిటికీలను మనం తెరిచిన వరుసలో కాక, చివరిసారిగా చూసిన వరుసలో నిలబెడుతుంది. ఇప్పుడున్నదానికి ముందు దేన్ని చూశామో అదే మొదట చేతికి దొరుకుతుంది. ఉన్నవి రెండే కిటికీలయితే ఇంతకన్నా సుఖం లేదు. ఒక్క నొక్కుతో అటు, ఒక్క నొక్కుతో ఇటు. మూడవది వచ్చి చేరిందో, పోయివచ్చిన ప్రతిసారీ వరుస మారిపోతుంది. ఇందాక ఒక్క నొక్కుకు పలికినది ఇప్పుడు రెండు నొక్కులకు గాని పలకదు. అవధానంలో పృచ్ఛకులు ప్రతి ఆవృత్తికీ లేచి కుర్చీలు మారి కూర్చుంటే అవధాని గతి ఏమికావాలి? నా ధారణాశక్తి అంతంతమాత్రం. నాకు కుర్చీలైనా స్థిరంగా ఉండాలి. పైగా 2020లో వచ్చిన మార్పుతో ఎడ్జ్ విహరిణిలోని ట్యాబులు కూడా పిలవని పేరంటంగా ఈ వరుసలో కలిశాయి. సెట్టింగులలో మల్టీటాస్కింగు అన్నచోట వాటిని వద్దనవచ్చునని తరువాత తెలిసింది.

స్థిరమైన కుర్చీలు మన కంప్యూటర్లలో 2009లో విండోస్ 7 వచ్చిన నాటినుండీ ఉన్నాయి, చూసుకోనిది నేనే. విండోస్ మీటను పట్టుకొని ఒక అంకెను నొక్కితే, తెర అడుగు పట్టీలో ఎడమనుండి ఆ స్థానంలో ఉన్న అప్లికేషను పైకి వస్తుంది. అప్పటికి తెరిచి లేకపోతే తానే తెరుచుకుంటుంది. బొమ్మలను పట్టీకి మనం ఏ వరుసలో గుచ్చి పెట్టుకుంటే అదే వరుస. ఎన్నిసార్లు తిరిగివచ్చినా మారదు. నేను ఒకటవ స్థానంలో రాసుకొనే లిబ్రేఆఫీసును, రెండులో అక్కయ్యను, మూడులో నిఘంటువులను, నాలుగులో రూళ్ల పుస్తకాన్ని కూర్చోబెట్టాలనుకున్నాను.

అక్కడే అసలు చిక్కు వచ్చింది. అక్కయ్య కనబడేది విహరిణిలోనే. నిఘంటువులు తెరుచుకొనేదీ విహరిణిలోనే. పుటలను మేనకోడలు గూగుల్ డ్రైవులో పెట్టింది కాబట్టి అవీ విహరిణిలోనే. ఒకే విహరిణిలో మూడు కిటికీలు తెరిస్తే మూటికీ కలిపి పట్టీలో ఉండే బొమ్మ ఒక్కటే. అంకె నొక్కితే మూటిలో ఏదో ఒకటి వస్తుంది, మళ్లీ నొక్కితే ఇంకొకటి. తిరిగి కుర్చీలాటే! మూడు నాలుగు రోజులు ఆ అవస్థ పడ్డాక, మూడు పనులకు మూడు వేర్వేరు విహరిణులు పెట్టుకుంటే మూడు బొమ్మలు, మూడు అంకెలు అవుతాయి గదా అని తట్టింది. క్రోములో అక్కయ్య, ఫైర్‌ఫాక్సులో నిఘంటువులు, ఎడ్జులో పుటలు.

ఇది తట్టడానికి నాకు ఇన్నాళ్లు పట్టడం విడ్డూరమే. మన తరం ఆదినుండీ రెండు విహరిణులతో కాపురం చేసినదే. అప్పట్లో కొన్ని పత్రికల గూళ్లు తమ తమ సొంత ఖతులతో నడిచేవి, గుర్తుందా? ఎక్స్‌ప్లోరరులో ఆ ఖతితోనే చదువుకునేవాళ్లం. ఫైర్‌ఫాక్సులో పద్మ అనే పొడిగింత తగిలించుకుంటే అదే వార్త యూనికోడు తెలుగై వచ్చేది. కావలసిన వాక్యాన్ని ఎత్తి రాసుకోవడానికీ వెదుక్కోవడానికీ వీలయ్యేది. చదవడానికొకటి, పనికొకటి. 2017 నవంబరులో ఫైర్‌ఫాక్సు 57వ కూర్పు వచ్చి పాత తరహా పొడిగింతలకు స్వస్తి చెప్పింది. ఎక్స్‌ప్లోరరుకు 2022 జూన్ 15న మైక్రోసాఫ్టువారు విశ్రాంతి ఇచ్చారు. నాకన్నా ఆలస్యంగానే పదవీవిరమణ చేసింది, అదృష్టవంతురాలు.

ఫైర్‌ఫాక్సు లోపల మళ్లీ చిన్న సభ ఉన్నది. కంట్రోలు మీటతో 1 నొక్కితే మొదటి ట్యాబులో ఆంధ్రభారతి వారి నిఘంటు శోధన. 2 నొక్కితే చికాగో విశ్వవిద్యాలయం వారి గూటిలో ఉన్న బ్రౌను నిఘంటువు, 1903 నాటి కూర్పు. కంట్రోలుతో 9 నొక్కితే వచ్చేది తొమ్మిదవ ట్యాబు కాదు, ఎన్ని ఉన్నా అన్నింటికన్నా చివరిది. అందుచేత చివరి ట్యాబులో నా సొంత పదాల పట్టికను ఉంచుకున్నాను.

ఇంత పకడ్బందీగా ఉన్నా రెండుసార్లు దెబ్బ తిన్నాను. మొదటిది భాష విషయంలో. నేను ఇన్‌స్క్రిప్టు పద్ధతిలో టైపు చేస్తాను. ఆల్టు-ట్యాబ్ వరుసలో వెనక్కు నడవాలంటే షిఫ్టు మీట కూడా పట్టుకోవాలి. పాత అలవాటుకొద్దీ అలా చేయబోయి ట్యాబ్ మీట తప్పిపోయింది. మిగిలినవి ఆల్టు, షిఫ్టు. ఆ రెండూ కలిస్తే కీబోర్డు భాష మారుతుంది. నేను పుట చూస్తూ టైపు చేస్తున్నాను. తలెత్తి చూద్దును గదా, ఒక చరణం చరణమంతా రోమను అక్షరాల చెత్తకుప్ప! ఆ జంట మీటలకు ఆ అధికారాన్ని ఆనాడే తీసివేశాను. ఇప్పుడు భాష మార్చాలంటే విండోస్ మీటతో స్పేసు నొక్కడమే. ఒక్కొక్క కిటికీకి ఒక్కొక్క భాష గుర్తుండేటట్లు చేసే ఏర్పాటు కూడా కీబోర్డు సెట్టింగులలో ఉన్నది. అది పెట్టుకుంటే చాలా ప్రాణం హాయి.

రెండవది చెప్పుకోవడానికి సిగ్గుగా ఉన్నది. నిఘంటువు ట్యాబును మూసివేద్దామని కంట్రోలుతో డబ్ల్యూ నొక్కాను. అప్పుడు నేను ఉన్నది మూడులో కాదు, రెండులో. అక్కయ్య నోట పాట ఉండగానే తెర మాయమైపోయింది. మేనకోడలికి ఫోను చేసి మళ్లీ కలిసేసరికి ఆవిడ పడుకున్నదట. మూసిన ట్యాబు కంట్రోలు, షిఫ్టు, టీ కలిపి నొక్కితే తిరిగి వస్తుంది. ఆ మీటలు నాకు తెలుసు కూడాను. అయితే అది ట్యాబు సంగతి. ఆనాటినుండీ అక్కయ్య తెరమీద ఉన్నంతసేపూ దేన్నీ మూయను. నూరు ట్యాబులు పేరుకున్నా సరే.

ఇక మొన్నటి నలుగు పాట సంగతి. మూడవ చరణంలో పెళ్లికూతురి తలకు ఏదో పూస్తారు. పుటలో అకారం, టకారం కనబడుతున్నాయి. ఆ తరువాత మచ్చ. చివర ఒక లకారం. అటుకులు అని చదువుకున్నాను. తలకు అటుకులేమిటి? అక్కయ్య పాడుతూ ఆ చోటికి వచ్చింది. పళ్లు లేని నోట అది అటుకులనీ వినిపించింది, కాదనీ వినిపించింది. ఆవిడ ఊపిరి తీసుకున్నది. విండోస్ 3, కంట్రోలు 1, 'అటక' అనేంతవరకు కొట్టాను. అటకలి: తలంటి పోసేటప్పుడు నూనె జిడ్డు వదలడానికి తలకు రుద్దే పదార్థం. విండోస్ 2.

"అక్కయ్యా, అటకలా?"

"అటకలే. మరేమనుకున్నావు? అమ్మ మెంతులూ బియ్యమూ నానవేసి రుబ్బేది కాదూ? నీ కళ్లలో పడితే ఊరు ఎగిరిపోయేలా ఏడ్చేవాడివి" అని, నవ్వి, నాలుగో చరణం అందుకున్నది. పాట తెగలేదు.

నేను మాత్రం కాసేపు టైపు చేయలేకపోయాను. అటకలి నాకు తెలియని మాట కాదు. ప్రబంధాలలో చదివాను, పాఠం చెప్పాను, పరీక్షలో అర్థం రాయమని ఇచ్చాను. అది కవుల మాట అనుకున్నాను. మా అమ్మ రోట్లో ఉన్నదని 68వ ఏట తెలిసింది. ఇంకొక్క క్షణం ఆలస్యమై ఉంటే ఆ మాట అటుకులుగానే అచ్చయి ఉండేది, పండితుని సంస్కరణతో సహా.

ఇప్పటికి 23 పాటలు పూర్తయ్యాయి. పుస్తకంలో ఇంకా 11 ఉన్నాయి. పుస్తకానికి ఎక్కనివి ఎన్నో ఆవిడకే తెలియాలి, అదీ ఎత్తుకుంటేనే. నిన్న అప్పగింత పాట నడుమ అక్కయ్య తానే ఆగింది. నా గుండె జారింది. తెరకు మొహం దగ్గరగా పెట్టి, "ఒరేయ్, ఇందాకటినుంచీ టకటకమని ఆ చప్పుడేమిటిరా? తాళం వేస్తున్నావా?" అన్నది.

అవునన్నాను.

"కాస్త నెమ్మదిగా వేయి. పరుగెత్తుతున్నది" అని, ఆగినచోటినుండే మళ్లీ అందుకున్నది.