ఉడుత కాని ఉడుత, కొండ పొదపిగిలి

కడప, నెల్లూరు జిల్లాల నడుమ వెలిగొండలు ఉత్తర దక్షిణాలుగా సాగిపోతాయి. ముళ్ళ పొదలు, ఎండుటాకులు, ఎండకు కాగిన బండలు తప్ప దారిన పోయేవారికి అక్కడ వింత ఏమీ కనిపించదు. జంతుశాస్త్రజ్ఞులకు మాత్రం ఈ కొండలు పాత చుట్టాలు.

అక్కడి పొదలో ఆకులు గలగలమంటే ఉడుత అనుకుంటాము. కుచ్చుతోక ఉన్నది గాని, వీపున రాములవారి చారలు లేవు. భుజం మీద ఒక లేత గీత, కొనదేలిన మూతి. తమిళులు దీనిని వెదురు ఉడుత అనే అర్థంలో 'మూంగిల్ అణత్తాన్' అన్నారు. 'అనథానా' అనే శాస్త్రనామం ఆ మాట నుంచి పుట్టినదే. ఇంగ్లీషులో మద్రాస్ ట్రీ ష్రూ. ఉడుత ఎలుకల వర్గానికి చెందినది. ఇది పురుగులనూ, పండ్లనూ తినే 'స్కాండెన్షియా' అనే వేరు వర్గం. ఈ కొండలలో దొరికిన దీనిని 1850లో వాటర్‌హౌస్ వర్ణించి, 1845లో అమరావతి శిల్పాలు తవ్వించిన వాల్టర్ ఇలియట్ పేరు పెట్టాడు. దీని ప్రజాతిలో ఇదొక్కటే జాతి.

ఇక కొండ పొదపిగిలి. మన పెరటి పిగిలిపిట్టకు దాయాది. నల్లతల, ఎర్రని తోకమొదలు దానివి. పచ్చని గొంతు దీనిది. నెల్లూరులో సివిల్ సర్జనుగా పనిచేసిన జెర్డన్ 1845లో దీనిని వర్ణించాడు. పిగిలి కుటుంబంలో నూరుకు పైగా జాతులున్నవి.

ఏకాకికే అపాయం ఎక్కువ అనుకుంటాము. జరిగినది వేరు. అంతర్జాతీయ ప్రకృతి సంరక్షణ సంఘం ఎర్రపట్టీలో ఏకాకి జంతువు అంతగా భయం లేని తరగతిలో ఉన్నది. బలగం గల పిట్టే అపాయానికి లోనయ్యే తరగతిలో చేరింది. కారణం ఇల్లు. మొదటిది అడవిలోనూ, పొదలలోనూ, గట్టుల మీదా సర్దుకుంటుంది. పిట్టకు బండరాళ్ళూ, వాటి సందుల్లో పొదలూ కావాలి. అటువంటి గుట్టలనే గ్రానైటు కోసం పగులగొడుతున్నారు. పొదలను వంటచెరకుకు నరుకుతున్నారు.

మదనపల్లె దగ్గరి హార్సిలీ కొండకు వెళ్ళేవారు ఉదయం పూట బండల నడుమ చెవి ఒగ్గితే, ఈ పచ్చగొంతు పిట్ట పలుకు వినవచ్చును. మన ఇంట నున్నగా మెరిసే గ్రానైటు పలక ఏ గుట్టను తొలిస్తే వచ్చినదో, తెచ్చుకునే ముందు ఒక్కసారి అడగడం మంచిది. ఆ గుట్ట మరొకరి ఇల్లయి ఉండవచ్చును.