గ్రహణం నాటి గర్భిణి

విజయనగరం పేరు వినగానే తెలుగు పాఠకుడికి గురజాడ అప్పారావు, కన్యాశుల్కం, ఆ నాటకంలోని చిన్నారి పెళ్లికూతుళ్లు మనసులో మెదులుతారు. గురజాడ 1915లో కన్నుమూశారు. అంతకు మూడేళ్ల ముందు, 1912 సెప్టెంబరు 28న, అదే ఊళ్లో పుట్టిన సరస్వతికి 1922లో, పదేళ్ల వయసులో పెళ్లి జరిగింది. ఆడపిల్ల పెళ్లికి కనీసం 14 ఏళ్లు నిండాలని చెప్పిన శారదా చట్టం అమలులోకి రావడానికి అప్పటికింకా ఎనిమిదేళ్లుంది. వరుడు గోపరాజు రామచంద్రరావు వృక్షశాస్త్రం చదివి, కళాశాలల్లో అధ్యాపకుడై, గోరా అన్న పేరుతో నాస్తికోద్యమ నాయకుడిగా ప్రసిద్ధికెక్కాడు.

దేవుడు లేడని సభలో వాదించడానికి ధైర్యం కావాలి, నిజమే. కానీ ఆ మాటను వంటింట్లో, పురిటి గదిలో, పిల్లల పెళ్లిళ్లలో నిలబెట్టడానికి కావలసిన ధైర్యం అంతకు మించినది, ఆ భారమంతా సరస్వతి మోశారు. గ్రహణ సమయంలో గర్భిణి బయట తిరగకూడదని, కత్తిపీట ముట్టకూడదని, ముడుచుకోకుండా కదలక పడుకోవాలని, లేకపోతే పుట్టే బిడ్డకు పెదవి చీలి ఉంటుందని ఉత్తరాంధ్ర పల్లెల్లో నేటికీ నమ్మేవారున్నారు. ఆ లోపాన్ని గ్రహణపు మొర్రి అని పిలవడంలోనే ఆ భయం ఎంత లోతుగా పాతుకుపోయిందో తెలుస్తుంది. గర్భంలో తొలి వారాల్లోనే పెదవి భాగాలు సరిగా కలవకపోవడం వల్ల మొర్రి ఏర్పడుతుంది తప్ప, ఆకాశంలోని నీడకూ దానికీ సంబంధం లేదు. సరస్వతి ఈ సంగతిని ఉపన్యాసంలో చెప్పి ఊరుకోలేదు, తాను కడుపుతో ఉండగానే గ్రహణం వేళ బయటికి వచ్చి నిలబడ్డారు. రుజువు చేయడానికి ఆమె ఒడ్డినది తన కడుపులోని బిడ్డను.

గోరా భావాల వల్ల ఉద్యోగాలు పోయాయి, సంసారం ఊళ్లు మారింది. 1940లో కృష్ణా జిల్లా ముదునూరులో దంపతులిద్దరూ నాస్తిక కేంద్రాన్ని స్థాపించారు, 1947లో అది విజయవాడకు తరలింది. అన్ని కులాలవారూ ఒకే వరుసలో కూర్చుని తినే సహపంక్తి భోజనాలు ఆ ఇంటి ఆనవాయితీ అయ్యాయి. క్విట్ ఇండియా ఉద్యమంలో సరస్వతి చంటిబిడ్డతో రాయవెల్లూరు జైలుకు వెళ్లారు. ఆ బిడ్డ పేరు నియంత. ఉప్పు సత్యాగ్రహం జరిగిన 1930లో పుట్టిన కొడుకు లవణం, రెండో ప్రపంచ యుద్ధం మొదలైన ఏట పుట్టినవాడు సమరం, తొమ్మిదో సంతానం నౌ. తల్లి భోజనానికి పిల్లలను కేకేస్తే, ఆ కాలపు చరిత్ర నడిచి వచ్చి పీటల మీద కూర్చునేది.

పెద్ద కూతురు మనోరమకు దళిత యువకుడు అర్జునరావుతో పెళ్లి నిశ్చయమైంది. సేవాగ్రాంలో తన సమక్షంలో ఆ పెళ్లి జరిపించడానికి గాంధీజీ ఒప్పుకున్నారు, కానీ 1948 జనవరి 30న ఆయన హత్యకు గురయ్యారు. పెళ్లి మాత్రం ఆగలేదు, అదే ఏడాది మార్చిలో ఆశ్రమంలోనే జరిగింది. 1960లో కవి జాషువా కుమార్తె హేమలత లవణం భార్యగా ఆ ఇంట అడుగుపెట్టారు. పదేళ్లకే సంప్రదాయ కుటుంబంలో పెళ్లయిన పిల్ల అమ్మమ్మ, నాయనమ్మ అయ్యేనాటికి, ఆ ఇంట్లో ఎవరిది ఏ కులమో అడగవలసిన అవసరమే లేకుండా పోయింది.

1975లో గోరా మరణించాక, 2006 ఆగస్టు 19న తాను కన్నుమూసేదాకా, మూడు దశాబ్దాలు నాస్తిక కేంద్రానికి ఆమె పెద్దదిక్కుగా నిలిచారు. తన ఆత్మకథకు ఆమె ‘గోరాతో నా జీవితం’ అని పేరు పెట్టుకున్నారు. అందులో మొదటి మాటను పట్టుకుని ఆమెను సహధర్మచారిణిగానే చదవడం తెలుగువారికి అలవాటైంది. చదవవలసినవి చివరి రెండు మాటలు.