చల్లనీళ్ల క్యాన్‌లో జొన్నపాకం

ఆదోనిలో రైలు దిగేసరికి ఇంకా తెల్లారలేదు. ఎమ్మిగనూరు బస్సెక్కి, అక్కడ ఇంకోటి మారి మా ఊరు గోనెగండ్ల చేరేసరికి మే నెల ఎండ అప్పుడే నెత్తినెక్కింది. సంచిలో బట్టల మధ్య చుట్టి తెచ్చుకున్నవి రెండే: ఒక థర్మామీటరు, చిన్న అయొడిన్ సీసా.

డల్లాస్‌లో మా గ్యారేజీలో బీరు కాచుకుంటాను. అక్కడ తప్పు కాదు. 1978లో అమెరికా అధ్యక్షుడు కార్టర్ సంతకం పెట్టిన చట్టం ప్రకారం, ఇంట్లో పెద్దవాళ్లు ఇద్దరుంటే ఏడాదికి 200 గ్యాలన్లు, అంటే దాదాపు 757 లీటర్లు కాచుకోవచ్చు, అమ్మితేనే నేరం. ఇక్కడ లైసెన్సు లేకుండా కాస్తే కేసే. అందుకే ఈస్టు జోలికి పోదలచుకోలేదు. దానికి ముందు మెట్టు మీదే నా యావంతా. మొలకెత్తించి ఎండబెట్టిన గింజను పగలగొట్టి, వేడినీళ్లలో గంటో రెండు గంటలో వేడి పోకుండా ఉంచితే పిండి చక్కెరగా మారుతుంది. ఆ తొట్టినే మాష్ టన్ అంటారు. బార్లీతో ఎన్నోసార్లు చేశాను. మా చేలో పండిన జొన్నతో చేయాలని ఎన్నాళ్ల నుంచో కోరిక.

తొట్టికి వెతుక్కోనక్కర్లేకపోయింది. హంద్రి నది మీద దామోదరం సంజీవయ్య పేరు పెట్టిన గాజులదిన్నె ప్రాజెక్టు పక్కనే ఉన్నా, మా ఇంట్లో తాగేవి మాత్రం ప్లాంటు క్యాన్ నీళ్లే. లోపల దళసరి పొర, కింద కుళాయి ఉన్న 20 లీటర్ల క్యాన్. చల్లదనం పోనివ్వనిది వేడిని మాత్రం ఎందుకు పోనిస్తుంది? డల్లాస్‌లో నేను వాడేదీ అలాంటి కూలరే.

జొన్నలు ఒక రాత్రి నానబోసి, తడి గోనెసంచిలో మూటగడితే నాలుగు రోజులకు తెల్లటి మొలకలు వచ్చాయి. మిద్దె మీద రెండు రోజులు ఆరబోశాం. ఎత్తబోతుంటే అవ్వ చేట పట్టుకుని వచ్చింది.

"ఆ మొలకలు నలిపి చెరిగేయ్ నాయనా. జొన్న పిలకలో నాముంటాది. మేసిన ఎనుము మేసినచోటే పడిపోతాది."

ఆమె మాట అక్షరాలా నిజం. లేత జొన్నలో సైనైడుగా మారే పదార్థం ఉంటుంది, మొలకలోనూ అదే. నలిపి, చెరిగి, గింజ మాత్రం మిగుల్చుకున్నాం.

మొదటిసారి బార్లీ లెక్కే వేశాను. గింజ 3 కిలోలు, నీళ్లు 9 లీటర్లు, రెండూ కలిసి 67 డిగ్రీల దగ్గర ఆగాలి. డల్లాస్ చలికాలంలో గింజ చల్లగా ఉంటుంది కాబట్టి నీళ్లు 75 దాకా కాచాలి. ఇక్కడ గింజే 38 డిగ్రీలుంది, 71 చాలు. క్యాన్ తాగే వేడికి ఇంకో రెండు కలిపాను. లెక్క అచ్చం కుదిరింది. రెండు గంటల తర్వాత సాసర్లో ఒక చుక్క వేసి అయొడిన్ తగిలిస్తే సిరాలా నల్లబడింది. పిండి పిండిగానే ఉంది. పైగా కుళాయి తిప్పితే చుక్క రాలలేదు. బార్లీకి పైపొట్టు ఉంటుంది, అదే జల్లెడ అవుతుంది. జొన్నకు అది లేదు.

అవ్వ క్యాన్‌లోకి తొంగిచూసింది. "ఉడకని పిండి యాడ తియ్యగైతాది? పిల్లోళ్లకు గంజి ముందు ఉడకబెట్టి, వేలు పట్టేంత ఆరినాక కదా మొలకపిండి కలిపేది."

అంటూనే పొద్దుటి సంగటి గిన్నెలో ఇన్ని నీళ్లు పోసి, చిక్కగా ఉడికించి, కాస్త ఆరనిచ్చి, చెంచాడు రాగి మొలకపిండి వేసి తిప్పింది. గరిటె నిలబడే గంజి నా కళ్లముందే నిమిషాల్లో జారుడైపోయింది. 1980లలో వడోదరలో తారా గోపాల్‌దాస్ బృందం పసిపిల్లల ఆహారం కోసం పరిశోధించింది ఈ గుణాన్నే.

జొన్న పిండి బార్లీ కంటే ఎక్కువ వేడికి గాని ఉబ్బి మెత్తబడదు. అంత వేడిలో దాన్ని చక్కెర చేసే ఎంజైములు చచ్చిపోతాయి. అందుకని రెండోసారి మొలకపిండిని 45 డిగ్రీల నీళ్లలో కలిపి గంట కదపకుండా ఉంచాను. ఎంజైములు పైతేటలోకి దిగుతాయి. ఆ తేట నాలుగు లీటర్లు వంచి పక్కన పెట్టి, అడుగున మిగిలిన ముద్దను పత్తికట్టెల పొయ్యి మీద గంజి కాచాను. కలుపుతుంటే చేతులు పడిపోయాయి, అడుగంటింది కూడా. అది 80కి దిగాక తేట కలిపితే 65 దగ్గర నిలిచింది. క్యాన్ అడుగున ఎమ్మిగనూరు మగ్గం గుడ్డ పరిచి (1938లో మాచాని సోమప్ప నేతగాళ్ల సహకార సంఘం పెట్టిన ఊరది), దాని మీద తుంగభద్ర దిగువ కాలువ (ఎల్లెల్సీ) కింద పండిన వడ్ల ఊక కడిగి రెండు దోసిళ్లు పోశాను. పైన బొంత కప్పాను.

రెండు గంటలకు రెండు డిగ్రీలే తగ్గింది. అయొడిన్ రంగు మారలేదు. కుళాయి తిప్పితే సన్నటి ధార, లేత బెల్లపు రంగులో. ఈస్టు వేయాలని చెయ్యి లాగింది గానీ, మళ్లీ పొయ్యి మీదే పెట్టాను. సాయంత్రానికి పాకమైంది. అవ్వ జొన్నరొట్టె ముక్క అద్దుకుని తిని, "కొంచెం మాడు వాసనొస్తాంది" అంది. పిప్పి ఎనుముకు పోయింది.

మర్నాడు ప్లాంటు పిల్లోడు ఖాళీ క్యాన్ కోసం వచ్చాడు. మూత తీసి వాసన చూశాడు. నన్ను చూశాడు. మళ్లీ వాసన చూశాడు.

"అన్నా, దీంట్లో ఏం కాసినారు?"

ఎంత చెప్పినా నమ్మలేదు. చివరికి క్యాన్ నేనే కొనుక్కున్నాను.